పెట్టుబడి పాఠం దళారుల చేతికి వదలొద్దు: ఉన్నత విద్యా మండలికి వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి,

ప్రతులు: కళాశాల విద్యాశాఖ కమిషనర్, ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యదర్శి, సెబీ అధ్యక్షులు

విషయం: ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ ఫోన్‌లో జరిగే పెట్టుబడుల గురించి, వాటి చాటున జరిగే మోసాల గురించి తెలుగులో, కమీషన్ ఆశ లేని అధ్యాపకుల చేత పాఠం చెప్పించవలసిందిగా కోరుతూ.

ఆర్యా,

మేము ఉమ్మడి గుంటూరు జిల్లా డిగ్రీ కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్లం, అక్కడ చదువుకునేవాళ్లం, ఆ పిల్లల తల్లిదండ్రులం. ఈ మూడు వర్గాలం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం అరుదు. ఈ విషయంలో మా మధ్య తగాదా లేదు కనుక పెట్టాం.

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లవాడు ఆధార్, పాన్ చేతిలో ఉంటే కూర్చున్న చోటు నుంచి లేవకుండానే డీమ్యాట్ ఖాతా తెరుచుకుంటున్నాడు. 2020 మార్చి నాటికి దేశంలో ఇలాంటి ఖాతాలు సుమారు 4 కోట్లు. 2025లో 20 కోట్లు దాటాయి. ఖాతాలు ఐదింతలైనా పాఠం మాత్రం ఉన్నచోటే ఉంది. ఎంపీసీ, బైపీసీ చదివి ఇంజినీరింగ్‌కో ఫార్మసీకో వెళ్లే పిల్లలకు డబ్బు గురించి ఒక్క పీరియడ్ కూడా ఉండదు. కామర్స్ వాళ్ల సంగతీ అంతంతమాత్రమే. వాటాల జప్తుకు చిట్టా పద్దు తప్పు లేకుండా రాసే బీకాం విద్యార్థికి, తన ఫోన్‌లో ఉన్న ట్రేడింగ్ యాప్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఎక్కడ చూడాలో తెలియదు. ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

పిల్లలు దిగుతున్నది ఎలాంటి చోటో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలే చెబుతున్నాయి. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో షేర్ల రాబోయే ధరల మీద ఆడే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులన్నీ పోగా లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. ఈ ట్రేడర్లలో ముప్పై ఏళ్ల లోపు వాళ్ల వాటా 2022–23లో 31 శాతం ఉంటే, మరుసటి ఏడాదికే 43 శాతానికి పెరిగింది. నాలుగింట మూడొంతుల మందికి పైగా తమ వార్షికాదాయం ఐదు లక్షల లోపేనని చెప్పుకున్నవాళ్లు. అటువైపు లాభపడ్డదెవరంటే సొంత ఖాతాలో ట్రేడింగ్ చేసే సంస్థలు, విదేశీ పెట్టుబడిదారులు. వాళ్ల లాభాల్లో నూటికి 95కు పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు తెచ్చిపెట్టినవే. మెస్ బిల్లుకు పంపిన నాలుగు వేలు పట్టుకుని గురువారం ఎక్స్‌పైరీకి కాల్ ఆప్షన్ కొనే మా విద్యార్థి పోటీ పడుతున్నది ఆ యంత్రాలతో. ఈ సంగతి వాడికి చెప్పినవాళ్లు లేరు. 2024–25లోనూ నష్టపోయినవాళ్లు 91 శాతమేనని సెబీ మళ్లీ తేల్చింది.

మరి ఇప్పుడు వాళ్లకు పాఠం చెబుతున్నది ఎవరు? ఇన్‌స్టాగ్రామ్ రీళ్లు, టెలిగ్రామ్ ఛానళ్లు, లాభం వచ్చిన రోజు మాత్రమే స్క్రీన్‌షాట్ పెట్టే సీనియర్. వీళ్లకు తోడు మా కళాశాలల సెమినార్ హాళ్లు కూడా. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

‘ఫైనాన్షియల్ అవేర్‌నెస్’ పేరుతో ఉచిత సెమినార్ పెడతామని బ్రోకర్ల ఏజెంట్లు, ట్రేడింగ్ అకాడమీల వాళ్లు ప్రిన్సిపాళ్లను అడుగుతారు. సర్టిఫికెట్లు ఇస్తామంటారు, కళాశాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఫైలుకు ఫొటోలు కూడా పనికొస్తాయి. ఉదయం పొదుపు గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. మధ్యాహ్నానికి హాల్లో ఉన్నవాళ్ల చేత లింక్ నొక్కించి డీమ్యాట్ ఖాతాలు తెరిపిస్తారు. సాయంత్రానికి ఒక వాట్సాప్ గ్రూపు తయారవుతుంది. వారం తిరిగేసరికి ఆ గ్రూపులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కోర్సు’కు ఫీజు అడుగుతారు. ఖాతా తెరిపించినందుకు ఒక కమీషన్, పిల్లవాడు కొన్నప్పుడల్లా, అమ్మినప్పుడల్లా ఇంకో కమీషన్. పిల్లవాడు లాభపడ్డా నష్టపోయినా ఆ ఆదాయం ఆగదు. ఎక్కువసార్లు ట్రేడ్ చేస్తేనే తనకు గిట్టుబాటయ్యే మనిషి తక్కువ ట్రేడ్ చేయమని ఎందుకు చెబుతాడు?

అందుచేత మా మొదటి కోరిక ఇది. బ్రోకర్లు, వాళ్ల ఏజెంట్లు, ట్రేడింగ్ కోర్సులు అమ్మేవాళ్లు, క్రిప్టో యాప్‌ల వాళ్లు కళాశాల ఆవరణలో అవగాహన సదస్సులు పెట్టడాన్ని ఉత్తర్వు ద్వారా ఆపండి. సదస్సు ఎవరు పెట్టినా ఆ రోజు ఖాతాలు తెరిపించడం, ఫోన్ నంబర్లు సేకరించడం, గ్రూపుల్లో చేర్చడం ఉండకూడదని రాయండి. వచ్చినవాళ్లు చెబుతున్నది చదువా, సలహానా అని కనిపెట్టడానికి ప్రిన్సిపాళ్ల దగ్గర ఇప్పటికే ఒక కొలత ఉంది. 2025 జనవరి 29న సెబీ ఇచ్చిన స్పష్టీకరణ ప్రకారం, కేవలం బోధన చేస్తున్నామనేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడుతూ ఏ షేరు గురించీ చెప్పకూడదు. ఈరోజు చార్టు తెర మీద వేసి ‘ఇది పైకి పోతుంది చూడండి’ అన్నవాణ్ని అక్కడికక్కడే ఆపేయవచ్చు. మూడు నెలల నాటి చార్టుతో పాఠం చెప్పమంటే ఈ వక్తల్లో ఎంతమంది మళ్లీ వస్తారో చూడాలి.

ఇదే నియమం మాకూ వర్తించాలి. అధ్యాపకుల్లోనూ ట్రేడింగ్ చేసేవాళ్లున్నారు, రెఫరల్ లింకులు పంచేవాళ్లూ ఉన్నారు. ఈ పాఠం చెప్పే అధ్యాపకుడు తనకు ఏ బ్రోకర్ దగ్గరా, ఏ యాప్ దగ్గరా కమీషన్ లేదని ఏడాదికోసారి రాసివ్వాలి. సంతకం పెట్టడానికి వెనుకాడేవాళ్లకు ఆ క్లాసు ఇవ్వొద్దు.

ఇక పాఠంలో ఏముండాలి అన్నది. షేర్ మార్కెట్‌తో మొదలుపెట్టొద్దని మా మనవి. మొదలు వడ్డీతో పెట్టండి. మా పిల్లల ఇళ్లలో వడ్డీ లెక్క శాతాల్లో కాదు, రూపాయల్లో నడుస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ఇది తెలిసిన పిల్లవాడికి కూడా పోస్టాఫీసు పీపీఎఫ్ వడ్డీ 7.1 శాతం అనగానే ఆ అంకె పెద్దదిగా కనబడుతుంది, రెండు చిన్నదిగా కనబడుతుంది. ఒకటి ఏడాదికి, ఇంకొకటి నెలకు అన్న తేడా బుర్రకెక్కితే సగం మోసాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. నెలకు 10 శాతం గ్యారంటీ అని టెలిగ్రామ్‌లో ఎవరైనా అంటే, దాన్ని చక్రవడ్డీగా కట్టి చూడమనాలి. లక్ష రూపాయలు ఐదేళ్లలో 3 కోట్లు దాటుతాయి. పదేళ్లలో 927 కోట్లవుతాయి. ఎంపీసీ చదివిన పిల్లలకు ఇది రెండు నిమిషాల పని. ఆ లెక్క చేశాక, ఇలా సంపాదించగలవాడికి నా ఐదు వేలతో పనేమిటి అన్న ప్రశ్న వాళ్లే వేసుకుంటారు. ఎవరూ ఉపదేశం చేయనక్కర్లేదు.

చీటీ పాటను కూడా వదలొద్దు. పాఠ్యపుస్తకాలు దాన్ని పాత ముచ్చటలా పక్కన పెడతాయి గానీ, మా ఊళ్లలో పెళ్లిళ్లు, బోరుబావులు, కాలేజీ ఫీజులు దానితోనే గడుస్తాయి. పాటలో తగ్గించుకున్న మొత్తం నిజానికి ఎంత వడ్డీ కింద లెక్క, చీటీ రిజిస్టరైందో లేదో ఎక్కడ కనుక్కోవాలి, ఇంటి పక్కావిడ దగ్గర వేసే చీటీకి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం రక్షణ ఎందుకు దొరకదు – ఇవన్నీ తల్లితో కూర్చుని మాట్లాడగలిగే లెక్కలు. వీటి తర్వాత ద్రవ్యోల్బణం, బీమా, అత్యవసరానికి దాచుకునే డబ్బు, ఆపైన మ్యూచువల్ ఫండ్, సిప్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చివరి అధ్యాయంలో ఉండాలి, పైన చెప్పిన సెబీ లెక్కలతో సహా. వాటిని దాచేస్తే పిల్లలు ఇంకెక్కడో నేర్చుకుంటారు.

మాలో కొందరు తల్లిదండ్రులకు షేర్లంటేనే జూదం. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంస్థ మూతపడినప్పుడు దాదాపు 32 లక్షల మంది డబ్బు, రూ.6,380 కోట్ల దాకా చిక్కుకుపోయింది. పదివేల లోపు కట్టినవాళ్లకు 2019లో, ఇరవై వేల లోపు వాళ్లకు 2021లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించే దాకా ఎదురుచూసిన ఇళ్లు మా సంతకాల్లో ఉన్నాయి. అప్పటి ఏజెంటు మేనమామో, బడి పంతులో, వీధి చివరి మనిషో. తప్పు ఎవరిదైనా నిలదీయడానికి ఒక గుమ్మం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ కేసు బయటపడింది. పెద్ద కంపెనీల బిల్లుల మీద పెట్టుబడి అంటూ యాప్ ద్వారా సుమారు ఏడు వేల మంది నుంచి రూ.1,700 కోట్లు సేకరించారని సైబరాబాద్ పోలీసులు చెప్పారు. అది చదువులేని వాళ్లను పట్టే వల కాదు. చదువుకున్నవాళ్లు, జీతాలున్నవాళ్లు యాప్‌లో తేదీలు, శాతాలు, కంపెనీల పేర్లు చూసి నమ్మే వల. కాబట్టి ‘మా వాడు బీటెక్, వాడికి అన్నీ తెలుసు’ అనే ధీమా కూడా పనికిరాదు. షేర్లు ముట్టుకోవద్దని పిల్లలను కట్టడి చేసినందువల్ల ఒరిగేదీ లేదు. ఇంట్లో అడగలేని పిల్లవాడు టెలిగ్రామ్‌లో అడుగుతాడు.

రెండో కోరిక, ఈ పాఠాన్ని రాత పరీక్షగా కాక ప్రాక్టికల్‌గా పెట్టాలి. నిర్వచనాలు బట్టీపట్టి రెండు క్రెడిట్లు తెచ్చుకునే సబ్జెక్టు ఇంకోటి మాకు వద్దు. విద్యార్థి ముందు కొన్ని స్క్రీన్‌షాట్లు పెట్టండి. ఒకటి అసలైన బ్రోకర్ యాప్, ఒకటి దాని నకలు, ఒకటి సెబీ లోగోతో తయారుచేసిన దొంగ లెటర్‌హెడ్, ఒకటి ‘విదేశీ సంస్థాగత ఖాతా ద్వారా ఐపీఓ షేర్లు డిస్కౌంట్‌లో’ అనే వాట్సాప్ ప్రకటన. ఏది నిజం, ఏది కాదు, ఎక్కడ సరిచూశావు అని అడగండి. విదేశీ పెట్టుబడిదారుల ఖాతా దారిలో ఇక్కడి సామాన్యులు కొనే వీలే లేదని సెబీ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అధిపతి షేర్లు సిఫారసు చేస్తున్నట్టు తయారుచేసిన డీప్‌ఫేక్ వీడియోల గురించి అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ సంస్థే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ముఖం, గొంతు చూసి నమ్మే కాలం పోయిందని పిల్లలు క్లాసులోనే కళ్లారా చూడాలి.

సరిచూసే సాధనాలు లేక కాదు. 2025 అక్టోబరు 1 నుంచి సెబీలో నమోదైన బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు ప్రత్యేకమైన యూపీఐ చిరునామాలు పెట్టుకోవాలి. వాటిలో ‘@’ గుర్తు తర్వాత ‘వాలిడ్’ అన్న మాట, దాని వెంట బ్యాంకు పేరు ఉంటాయి. డబ్బు పంపేటప్పుడు పచ్చని త్రిభుజంలో బొటనవేలి గుర్తు కనబడుతుంది. ‘సెబీ చెక్’లో యూపీఐ చిరునామా గానీ ఖాతా నంబరు గానీ కొడితే అది నమోదైన సంస్థదో కాదో తేలుతుంది. ఎవరో వ్యక్తి పేరున్న సేవింగ్స్ ఖాతాకు ‘మార్జిన్ మనీ’ వేయమన్నారంటే అది మోసమే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఇంత సులువైన సంగతి మా విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో తమరు ఏ కళాశాలకైనా వచ్చి ఒక తరగతిలో చేతులెత్తమని అడగండి.

ఆ సేవింగ్స్ ఖాతాలు ఎవరివి అన్నది ఈ వినతిపత్రంలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టే విషయం. చాలాసార్లు అవి విద్యార్థులవే. ‘నీ అకౌంట్ కొన్నాళ్లు వాడుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం’ అని పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుంటారు. హాస్టల్లో ఒకడు ఇచ్చాక వాడి ద్వారా ఇంకో నలుగురు. ఎక్కడో ఎవరో రిటైరైన ఉద్యోగి పోగొట్టుకున్న లక్షలు ఆ ఖాతాల్లో పడి నిమిషాల్లో వెళ్లిపోతాయి. తర్వాత పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల కోసం. పాస్‌పోర్టు, ఉద్యోగం, విదేశీ చదువు అన్నీ ఆ కేసు దగ్గర ఆగిపోతాయి. ఖాతా అద్దెకివ్వడం నేరమని ఆ పిల్లల్లో చాలామందికి కేసు నమోదయ్యాకే తెలుస్తోంది. ర్యాగింగ్ మీద అడ్మిషన్ రోజే తల్లిదండ్రులతో కలిపి సంతకం తీసుకుంటున్నారు. బ్యాంకు ఖాతా, సిమ్ ఇతరులకు ఇవ్వనన్న హామీని కూడా అదే రోజు, తెలుగులో, చదివి వినిపించి తీసుకోండి. దీనికి సిలబస్ మార్పు అవసరం లేదు, ఒక సర్క్యులర్ చాలు.

మోసపోయిన తర్వాత సంగతి. పిల్లలు ముందు దాచేది ఇంట్లో వాళ్ల దగ్గరే. పోయింది రాబట్టుకోవడానికి లోన్ యాప్‌లో అప్పు, అది తీర్చడానికి ఇంకో యాప్. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న లోన్ యాప్ కేసుల్లో వేధింపులు ఎంత దూరం వెళ్లాయో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. కానీ విద్యార్థి మొదటి రెండు రోజులు సిగ్గుతో, తిడతారన్న భయంతో గడిపేస్తాడు. ప్రతి కళాశాలలో ఒక అధ్యాపకుణ్ని లేదా అధ్యాపకురాలిని ఈ పనికి నియమించండి. వాళ్ల ఫోన్ నంబరు, పక్కనే 1930, దాని పక్కనే మానసిక సాయానికి టెలి మానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద ఏడాదంతా ఉండాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థి మీద క్రమశిక్షణ చర్యలు ఉండవని, అతని అనుమతి లేకుండా ఇంటికి చెప్పరని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. తల్లిదండ్రులమైన మేము ఈ చివరి మాటకు ఒప్పుకోవడానికి చాలా సేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పుకున్నాం.

సమయం ఎక్కడిది అంటారేమో. డిగ్రీ విద్యార్థులు చేస్తున్న కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉండనే ఉంది. అందులో ఇప్పుడు సర్వే ఫారాలు నింపి, నివేదిక బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నారు. పాఠం నేర్చుకున్న విద్యార్థిని అదే ప్రాజెక్టు కింద తన ఊరి డ్వాక్రా సంఘానికి పంపండి. యూపీఐ చిరునామా ఎలా సరిచూడాలో, పింఛను డబ్బు పేరుతో ఎవరడిగినా ఓటీపీ ఎందుకు చెప్పకూడదో తను చెప్పగలిగితేనే తనకు వచ్చినట్టు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. చాలా ఇళ్లలో డబ్బు యాప్‌లు అన్నదమ్ముల ఫోన్లలోనే ఉంటాయి, సంతకం మాత్రం అమ్మాయిది.

డబ్బు ఎక్కడిది అన్నదానికి మా దగ్గర సమాధానం ఉంది. మ్యూచువల్ ఫండ్ సంస్థలు చాలా పథకాల్లో నికర ఆస్తుల మీద ఏటా కనీసం 0.02 శాతం మదుపరుల అవగాహనకు పక్కన పెట్టాలని సెబీ నియమం. అంటే ప్రతి లక్ష కోట్లకు 20 కోట్లు. పరిశ్రమ నిర్వహిస్తున్న ఆస్తులు పదుల లక్షల కోట్లలో ఉన్నాయి. ఇది కాక సెబీ దగ్గర మదుపరుల రక్షణ, విద్యా నిధి వేరే ఉంది. ఈ సొమ్ములో ఎక్కువ భాగం టీవీ ప్రకటనల్లో ఖర్చవడం కంటే తెలుగు పాఠ్యపుస్తకానికి, అధ్యాపకుల శిక్షణకు రావడం మేలు. ఆ నిధులను నేరుగా బ్రోకర్ల చేతుల మీదుగా కాకుండా జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం, జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల విద్యాసంస్థ (ఎన్ఐఎస్ఎం) లాంటి సంస్థల ద్వారా రాష్ట్రానికి అడగండి. రాష్ట్ర ఖజానా నుంచి కొత్తగా పైసా అడగడం లేదు.

సెబీకి కూడా ఒక మాట రాయవలసిందిగా కోరుతున్నాం. 2023 జులై నుంచి బ్రోకర్ యాప్ తెరవగానే ‘పదిమందిలో తొమ్మిది మంది నష్టపోయారు’ అనే హెచ్చరిక కనబడుతోంది. ‘ఓకే’ నొక్కడానికి పట్టే సమయం అర సెకను. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న భాషలో, తెలుగు ఎంచుకుంటే తెలుగులో, ఆ హెచ్చరిక రావాలి. ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లు మొదటిసారి ఆప్షన్స్ విభాగం తెరిచేటప్పుడు వాళ్ల భాషలో చిన్న పరీక్ష పెట్టాలి. బ్రోకర్లు దీనికి ఒప్పుకోరు. అందుకే సెబీని అడగమంటున్నాం.

తమ సౌలభ్యం కోసం, వీటిలో వెంటనే చేయగలిగినవి మూడు: ఆవరణలో బ్రోకర్ సదస్సుల నిషేధం, అడ్మిషన్ రోజు ఖాతా హామీ పత్రం, ప్రతి కళాశాలలో ఒక బాధ్యుడి నియామకం. ఈ మూడింటికీ వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్‌కు ముందే ఉత్తర్వులు ఇవ్వాలి. ప్రాక్టికల్ పాఠాన్ని తెలుగు మాధ్యమం, ఇంగ్లిష్ మాధ్యమం తేడా లేకుండా అన్ని గ్రూపులకూ ఆ తర్వాతి విద్యా సంవత్సరం నుంచి తప్పనిసరి చేయాలి. సిలబస్ కమిటీలో కనీసం ఇద్దరు విద్యార్థులకు, డబ్బు పోగొట్టుకున్న ఒకరికి చోటివ్వండి. మాతో మాట్లాడటానికి తమరు ఒక తేదీ ఇస్తే వివరాలతో వచ్చి హాజరవుతాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఉమ్మడి గుంటూరు జిల్లా డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రులు
(సంతకాలు జతపరచడమైనది)